నక్షాలో లేని అంగడి

మొన్న మా ఇంటికి ఒక పిల్ల వచ్చింది. తాలూకా కచేరీలో కొత్తగా చప్రాసీ పనికి కుదిరిందట. వచ్చే ఎన్నికల్లో ఆడవాళ్ల వేలికి సిరా పెట్టే పని తనకే ఇస్తామన్నారట. ఆ పని నేను చాలా ఏళ్లు చేశానని ఎవరో చెబితే అడగడానికి వచ్చింది.

"అవ్వా, గీ పనిల కష్టమేమున్నది? వేలు పట్టుకునుడు, సుక్క పెట్టుడు. అంతే గద?" అంది.

"అంతే బిడ్డా" అన్నాను.

చాయ్ తాగి వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగాక, పిలిచి ఇంకో మాట చెబితే బాగుండేదనిపించింది. ఆ ఇంకో మాట చాలా పొడుగైంది. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. రాత మెల్లగా సాగుతుంది. చదివేవాళ్లు కూడా మెల్లగానే చదవాలి.

చెద్దర్ల దూరం

మాది సాలెల ఇల్లు. కరీంనగర్‌లో మా ఆయన మగ్గం నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. ఆయన పోయాక మగ్గం అమ్మేసి, కచేరీలో నీళ్లు పోసే పనికి కుదిరాను. అంతలో మొదటి ఎన్నికలు వచ్చాయి. ఆడవాళ్లకు వేరే గది, ఆ గదిలో ఆడమనిషి ఉండాలన్నారు. బురఖా వేసుకున్నవాళ్ల ముఖం చూసి గుర్తు పట్టాలి, వేలు పట్టుకుని సిరా పెట్టాలి. కచేరీలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. అట్లా ఈ పని నా పాలిట పడింది.

ఆ రోజు మా పోలింగు కేంద్రం ఒక బడిలో. పొద్దున ఒక టాంగా వచ్చి గేటు దగ్గర ఆగింది. చుట్టూ పరదా కట్టి ఉంది. ఎవరూ దిగలేదు. కొంచెం సేపటికి ఒక అమ్మాయి దిగి లోపలికి వచ్చింది. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే హమీదా. తర్వాత ఆమె నాకు ఆపా, అంటే అక్క, అయింది. వయసులో నాకన్నా చిన్నదే కాని, చదువు చెప్పిన మనిషిని పేరుతో పిలవడానికి నోరు రాలేదు.

"మా అమ్మీజాన్ దిగనంటున్నది. గేటు కాడికెళ్లి గది దాక మొత్తం మొగోళ్లే నిలబడ్డరు" అంది.

నిజమే. ఆడవాళ్ల గది వేరేగా ఉంది కాని ఆ గదికి పోయే దారి వేరేగా లేదు. పోలింగు అధికారి గదిని గురించి ఆలోచించాడు, దారిని గురించి ఆలోచించలేదు. టాంగాకూ గుమ్మానికీ మధ్య కొద్ది గజాల నేల. పెద్దావిడ ఇంటి నుంచి అంత దూరం వచ్చింది కాని ఈ కొద్ది గజాలు దాటలేకపోతోంది. టాంగావాడు గుర్రాన్ని వెనక్కి తిప్పుతున్నాడు.

నేను పరుగున పోయి, బడి పక్కనే ఉన్న మా వాళ్లింట్లో రెండు కొత్త చెద్దర్లు, కప్పుకునే దుప్పట్లు, అడిగి తెచ్చాను. పోలింగు అధికారి చూసి కంగారు పడ్డాడు.

"ఏందమ్మా ఇది? రూల్సుల చెద్దర్లు లేవు."

"వద్దని ఉన్నదా సార్?"

ఆయన పుస్తకం తెరిచి కొంచెం సేపు వెతికాడు. "వద్దని గూడ లేదు" అన్నాడు.

హమీదా ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అవతలి చెద్దరు పట్టుకున్నారు. నడుమ సందులోంచి ఆ పెద్దావిడ నడిచి వచ్చి, ఓటు వేసి, తిరిగి టాంగా ఎక్కింది. ఎక్కేటప్పుడు నా గడ్డం పట్టుకుని ఉర్దూలో ఏదో దీవించింది. గంట తిరక్కుండా ఆ వీధి టాంగాలన్నీ వరస కట్టాయి. సాయంత్రానికి చేతులు పీక్కుపోయాయి.

మర్నాటి నుంచి హమీదా ఆపా నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. "చెద్దరు పట్టుకున్న చేతికి బలపమెంత బరువు?" అనేది. బలపమే బరువని నాకు తర్వాత తెలిసింది.

నక్షా సాబ్

రెండో ఎన్నికలకు నన్ను ఆదిలాబాద్ జిల్లాకు పంపారు. ఉట్నూరు వైపు అడవి ఊళ్లలో ఈ పనికి వచ్చే ఆడమనిషి దొరకలేదని, అలవాటైన దాన్నని నన్ను అడిగారు. పింఛను దాకా అక్కడి కచేరీలోనే ఉండిపోయాను. అక్కడ ఎన్నికల పని చూసేది ఒక డిప్యూటీ కలెక్టరు గారు. హైదరాబాదు మనిషి. ఆయన గదిలో ఒక గోడంతా జిల్లా నక్షా, అంటే పటం. దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. కచేరీ జవాన్లందరూ చాటున ఆయనను నక్షా సాబ్ అనేవాళ్లు. ఆయనకు తెలుసు. పట్టించుకునేవారు కాదు.

నేను ఎందరో పెద్దసార్ల కింద పనిచేశాను. కొందరు ఫైళ్లను ప్రేమించేవారు, కొందరు తమ గొంతును ప్రేమించేవారు. ఈయన మాత్రం భూమిని ప్రేమించేవారు. ఏ దేశంలో ఏ నియోజకవర్గం ఎంత పెద్దదో ఆయనకు నోటికి వచ్చు. నేను చాయ్ తీసుకుపోతే గ్లాసు అందుకుని మొదలుపెట్టేవారు.

"లసుమవ్వా, మన నియోజకవర్గం పెద్దగున్నది, తిరగలేకపోతున్నమని నువ్వనుకుంటున్నవు. ఆస్ట్రేలియా దేశంల పడమటి దిక్కు కాల్గుర్లీ అని ఉన్నది. మన ఆంధ్రప్రదేశ్ అసొంటియి దాంట్ల ఏడెనిమిది పడ్తయి. అంత జాగకు ఒక్కడే మెంబరు."

గుమాస్తా ఫైలు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "ఓట్లడగ పోయినోడు మల్ల ఎన్నికలకు గని ఇల్లు చేరడేమో సార్."

ఆయన నవ్వేవారు. నవ్వి, స్కేలు తీసుకుని మళ్లీ నక్షా మీదకి వంగేవారు. ఆయన పట్టుదల ఒకటే. మన దగ్గర అంత పెద్ద నేల లేదు కాబట్టి, ఓటు వేయడానికి ఎవరూ ఎక్కువ దూరం నడవకూడదు. అది మంచి పట్టుదల. ఆయన చేసిన తప్పు గురించి చెప్పబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి.

భీంబాయి మొదటిసారి వచ్చింది

ఆ ఎన్నికల్లో మా పోలింగు కేంద్రం ఘాటు కింద, అంటే కొండదారి మొదట్లో ఉన్న ఊళ్లో. ఘాటు పైన ఒక గోండు గూడెం ఉంది. అక్కడివాళ్లు కూడా మా దగ్గరికే రావాలి. నక్షా మీద అది వేలెడు దూరం. కాని దారి కొండను చుట్టి, రాళ్ల వాగు దాటి వస్తుంది.

సాయంత్రం తలుపులు మూశారు. వరసలో ఎవరూ మిగల్లేదు. పోలింగు అధికారి డబ్బాలకు లక్క ముద్రలు వేస్తున్నాడు. అప్పుడు వచ్చారు పదిమంది దాకా ఆడవాళ్లు, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ముతో. ముందు నిలబడ్డ మనిషి పేరు భీంబాయి. ఇంచుమించు నా ఈడే. ఇంట్లో గోండి మాట్లాడతారు, ఆమె తెలుగు అంగట్లో నేర్చుకున్నది, నడుమ మరాఠీ మాట దొర్లుతుంది.

"టైం అయిపోయిందమ్మా" అన్నాడు అధికారి.

"ఇంత దూరం నడిచినం. ఆ డబ్బాకు నోరు ఉన్నది గద. జర తెరువు."

"నోరు కుట్టేసిన. మల్ల తెరిస్తే నా నౌకరి పోతది."

ఆయనది న్యాయమే. మూసిన డబ్బా తెరిచేవాడు ఆ పనికి పనికిరాడు. భీంబాయి కొంచెం సేపు ఆ లక్క ముద్రను చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "బాయి, మల్ల ఎప్పుడు?" అంది.

"అయిదేండ్లకు."

"అయితే ఓటు నా కొంగుల్నే ఉంటది. మల్ల తెస్త" అంది. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నేను వాళ్లకు నీళ్లు పోశాను. తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

తిరిగొచ్చాక ఈ సంగతి నక్షా సాబ్‌కు చెప్పాను. ఆయన చాయ్ తాగలేదు. స్కేలు తీసుకున్నారు. "వచ్చేసారి ఆమె నడవొద్దు. నేనే దగ్గరికి తెస్త" అన్నారు.

దగ్గరైన కేంద్రం

మాట నిలబెట్టుకున్నారు. మూడో ఎన్నికలకు ఘాటు పైనే, గూడేనికి కూతవేటు దూరంలో ఒక పక్కా కట్టడం వెతికి పట్టారు. పెంకులు, తాళం, గట్టి తలుపు, ముందు వరండా. పోలింగు కేంద్రానికి కావలసినవన్నీ ఉన్నాయి. అది అడవి శాఖ వాళ్ల చౌకీ. అక్కడివాళ్లు జంగ్లాత్ చౌకీ అంటారు.

నేను ముందురోజు మధ్యాహ్నానికే చేరాను. లోపలి గదిలో ఒక మూల గోనెపట్టా కప్పి ఏదో కుప్ప ఉంది. ఎత్తి చూస్తే గొడ్డళ్లు. కొడవళ్లు కూడా కొన్ని. అడవిలో కట్టె కొట్టినవాళ్ల దగ్గర గుంజుకున్నవి. కేసు తేలేదాకా అక్కడ ఉంటాయట. చాలా వాటికి తుప్పు పట్టింది.

మర్నాడు పొద్దున్న మగవాళ్లు కొందరు వచ్చి ఓటు వేసి పోయారు. ఆడవాళ్లు వచ్చారు కాని టేకు చెట్ల గీత దగ్గర ఆగిపోయారు. అక్కడినుంచి చౌకీ అరుగు కనబడుతుంది, పిలిస్తే పలికేంత దూరం. ఎండ ఎక్కుతోంది. ఒక్క అడుగు ముందుకు వేయడం లేదు.

పోలింగు అధికారి ఆ ఏడు ఒక బడి హెడ్‌మాస్టరు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "ఇంకెంత దగ్గరికి తేవాలె? వాళ్ల వంటింట్ల పెట్టాల్నా డబ్బా?" అన్నాడు.

నేను నడిచి వాళ్ల దగ్గరికి పోయాను. భీంబాయి ముందే కూర్చుని ఉంది.

"ఓటు తెచ్చినవా కొంగుల?" అన్నాను.

"తెచ్చిన."

"మరి రా. ఎవ్వరు లేరు. వరుస గూడ లేదు."

"నక్కో బాయి, నేను రాను" అంది. చౌకీ వైపు గడ్డంతో చూపించింది. "ఆ ఇంట్ల నా గొడ్డలి ఉన్నది. ఈమెది కొడవలి ఉన్నది. ఆమె మొగనికి ఆడ్నే వేలికి సిర పెట్టి కాయితం మీద ఒత్తిచ్చుకున్నరు. సిర పెట్టినంక ఎడ్లు పోయినయి."

నా చేతిలో సిరా సీసా ఉంది. దాన్ని కొంగు చాటున పెట్టుకున్నాను.

"ఇది గా సిర గాదు. గా జంగ్లాత్ సారు లేడు. ఇయ్యాల గా ఇల్లు సర్కారు ఓట్లకు తీసుకున్నది."

"ఇల్లు అదే గద. ఆ ఇంట్లకు పోయిన సామాను మల్ల బయటికి రాంగ నేను సూడలే. ఓటు గూడ సామానే గద, బాయి."

నేనూ అక్కడే కూర్చున్నాను. కూర్చుంటే పని సాగదని హెడ్‌మాస్టరు రెండుసార్లు పిలిచాడు. పోయి, మళ్లీ వచ్చాను. ఒక ముసలావిడ నన్ను చూసి గోండిలో ఏదో అంది. అందరూ నవ్వారు. ఏమందని అడిగితే భీంబాయి చెప్పింది: "ఈ బాయి నడిచేదే ఎక్కువున్నది, ఈమె ఓటు ఏడుందో అంటున్నది."

మధ్యాహ్నం దాటాక నక్షా సాబ్ జీపు వచ్చింది. కేంద్రం ఎలా నడుస్తోందో చూసుకుందామని మురిపెంగా వచ్చారు. దిగగానే వరండా ఖాళీ, చెట్ల కింద మనుషులు. నేను సంగతి చెప్పాను. ఆయన లోపలికి పోయి గోనెపట్టా ఎత్తి చూశారు. చౌకీ గార్డును పిలిచి, కుప్పను ఇవాళ్టికి ఇంకెక్కడికైనా తీయమన్నారు. మా సారు హుకుం లేనిదే ముట్టుకోనన్నాడు గార్డు. ఆ సారు ఆదిలాబాద్‌లో ఉన్నాడు. కేంద్రాన్ని ఇంకో చోటికి మార్చే అధికారం ఆ రోజు నక్షా సాబ్‌కు కూడా లేదు.

ఆయన చెట్ల దగ్గరికి నడిచి వెళ్లి, టోపీ తీసి, భీంబాయి ముందు నేల మీదే కూర్చున్నారు.

"తప్పు జాగల పెట్టిన" అన్నారు.

భీంబాయి ఆయనను తేరిపార చూసింది. "నువ్వు మంచోనివే. ఆ ఇల్లు మంచిది గాదు" అంది.

ఆ రోజు వాళ్లలో ఒక్కరు కూడా ఓటు వేయలేదు. చాలా ఏళ్ల తర్వాత కూడా కొందరు నాతో అన్నారు, అడవి జనానికి ఓటు విలువ తెలియదని. తెలియనివాళ్లు పొద్దంతా ఎండలో ఎందుకు కూర్చుంటారు? ఇంటికి పోతారు కదా.

జీపులో తిరిగి వస్తుంటే నక్షా సాబ్ ఘాటు దిగాక అడిగారు: "లసుమవ్వా, ఎవ్వరు పిల్వకుండ వాళ్లంతట వాళ్లు ఏడికి పోతరు?"

"సోమవారం అంగడికి పోతరు సార్."

"అది మస్తు దూరం గద. మొదటి కేంద్రం కంటె దూరం."

"దూరమే. గని ఉప్పు ఆడ్నే దొరుకుతది."

ఉప్పు బండి

నాలుగో ఎన్నికలప్పుడు చౌకీని తీసేసి, అంగడి జరిగే ఊరి బడిలో కేంద్రం పెట్టమని నక్షా సాబ్ పైకి రాశారు. దగ్గరున్నదాన్ని తీసి దూరం పెడతామంటే పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన స్వయంగా పోయి ఒప్పించుకు వచ్చారు. ఏం చెప్పి ఒప్పించారో నాకు తెలియదు. నన్ను మాత్రం పోలింగుకు ముందు ప్రతి సోమవారం ఆ అంగడికి పంపారు. పోయి ఉప్పు బండి పక్కన కూర్చునేదాన్ని. ఎవరికి వేయాలో చెప్పేదాన్ని కాదు, అది మా పని కాదు. బడి చూపించి, డబ్బా ఇక్కడ ఉంటుందని, ఇదివరకటి చౌకీ కాదని చెప్పేదాన్ని.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. పోలింగు రోజు సోమవారం పడలేదు. అంగడి లేని రోజు ఆ ఊరు ఉత్త మైదానం. అంత దూరం, అందులోనూ ఘాటు దిగి, వట్టి ఓటు కోసం ఆడవాళ్లు వస్తారా? కోతల కాలం, చేనులో పని. భీంబాయి ఈసారి కూడా రాకపోతే, ఇక ఎప్పుడూ రాదని నాకనిపించింది. రెండుసార్లు తిరిగిపోయిన మనిషి మూడోసారి ఎందుకు నమ్ముతుంది?

ఉప్పు అమ్మే ఖాసిం సాబ్‌ను అడిగాను. గడ్డం నెరిసిన మనిషి, అంగట్లో అందరికీ చాచా.

"చాచా, పోలింగు నాడు గూడ నీ బండి పెట్టరాదు?"

"జనం లేంది దుకాణం ఎవనికి పెట్టాలె?"

"దుకాణం లేంది జనం ఎందుకు వస్తరు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమమ్మా, సర్కారు ఉప్పు కొంటదా నా కాడ?"

"సర్కారు కొనదు. భీంబాయి కొంటది."

"భీంబాయా? ఆమె బేరమాడితే ఉప్పు కూడ సప్పగైతది" అని నవ్వాడు. నవ్వి, "ఫికర్ చెయ్యకు. పెడ్త. గాజులోనికి గూడ చెప్త. ఇద్దరం కూసుంటే అంగడే" అన్నాడు.

పోలింగు నాడు పొద్దున చూస్తే బడికి దూరంగా, మామూలు చోటనే, ఉప్పు బండి ఉంది. పక్కన గాజుల మలారం విప్పుకుని గాజులవాడు. కాసేపటికి మిరపకాయలు అమ్మే ఒకావిడ కూడా గంప దించింది. అంతే. అంగడిలో అది ఒక మూల కూడా కాదు. నక్షా సాబ్ జీపులోనే కూర్చుని ఘాటు దారి చూస్తున్నారు. నేను సిరా సీసా ముందు కూర్చున్నాను కాని చూపు కిటికీ మీదే ఉంది.

ఎండ బాగా ఎక్కాక వచ్చారు. ఎప్పటిలాగే ముందు భీంబాయి. నేరుగా బడికి రాలేదు. ముందు ఉప్పు బండి దగ్గరికి పోయింది. బేరమాడింది. ఖాసిం సాబ్ చేతులు పైకెత్తి ఏదో మొత్తుకున్నాడు. ఉప్పు కొని, కొంగున గట్టిగా మూట కట్టి, అప్పుడు తీరిగ్గా మైదానం దాటి బడి మెట్లు ఎక్కింది. గుమ్మంలో ఒక్కసారి ఆగి, గది నాలుగు మూలలూ చూసింది. మూలల్లో ఏమీ లేదు. లోపలికి వచ్చి నా ముందు చేయి చాపింది.

ఆ వేలు పట్టుకుని, సిరా పెట్టకుండా ముందు ఆమె ముఖం చూశాను. ఆమె అది గమనించి, "బయపడకు బాయి, ఎడ్లు ఇంటికాడ్నే ఉన్నయి" అంది.

ముద్ర వేసి, కాగితం మడిచి, డబ్బాలో వేసి వచ్చింది. ఆమె వెనక ఆ గూడెం ఆడవాళ్లందరూ వేశారు. పని తగ్గాక నేను బయటికి వచ్చి, ఆమెతో ఉప్పు బండి నీడన కూర్చున్నాను. అప్పుడు నక్షా సాబ్ ఆ ఏడు చెప్పిన కొత్త సంగతి గుర్తుకు వచ్చింది. మన దేశంలో అన్నిటికన్నా పెద్ద నియోజకవర్గం మంచుకొండల్లో లడఖ్ అట. అదే ఏడు కొత్తగా వచ్చింది. దాన్ని కూడా మించింది కెనడా ఉత్తరాన ఉందట. మన దేశమంత నేల, ఒక చిన్న పట్నంలో ఉండేంత జనం, ఒక్క మెంబరు. అది భీంబాయికి చెప్పాను.

ఆమె నమ్మలేదు. మళ్లీ చెప్పమంది. చెప్పాను. కొంగు మూటను చేత్తో తడుముకుంది.

"అంత జాగల అంగడి ఏడ పెడ్తరు, బాయి?"

నేను జీపు దగ్గరికి పోయి నక్షా సాబ్‌ను అడిగాను. ఆయన, "నేను చదివిన పుస్తకాలల్ల అది రాయలే" అన్నారు. జేబులోంచి కాగితం తీసి ఆ ప్రశ్న రాసుకున్నారు.

పింఛను వచ్చాక కరీంనగర్‌కు తిరిగొచ్చి, హమీదా ఆపా దగ్గర ప్రపంచ పటాల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. కెనడా పుట వెతికి, వేలు పెట్టి, ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదివాను. నదులున్నాయి, సరస్సులున్నాయి, మంచు ఎక్కడినుంచి ఎక్కడిదాకానో రంగు వేసి ఉంది. అంగడి గుర్తు ఎక్కడా దొరకలేదు. ఈ పనిలోకి వస్తున్న మీలో ఎవరికైనా ఆ అంగడి ఎక్కడో ముందుగా తెలిస్తే, నాకు చెప్పకపోయినా సరే. సోమవారం అంగడికి పోయి భీంబాయికి చెప్పండి. ఉప్పు బండి దగ్గర ఉంటుంది.